నారి మోగుతోందంటే

సంప్రదాయ విల్లు పట్టి నాలుగు నెలలు గడిచేసరికి దాదాపు ప్రతి ఒక్కరి నోటా వచ్చే ప్రశ్న ఇది: నారి మారిస్తే బాణం వేగం పెరుగుతుందా? పెరుగుతుంది. సాగే డాక్రాన్ నారి తీసి దాదాపు సాగని డైనీమా నారి ఎక్కిస్తే, విల్లూ బాణమూ అవే అయినా, బాణం సెకనుకు ఒక మీటరు, బాగా కుదిరితే రెండు మీటర్లు ఎక్కువ వేగంతో పోతుంది. సెకనుకు 55 మీటర్లు పోయే బాణానికి ఇది రెండు మూడు శాతం. విల్లు ఖరీదు ముందు నారి ఖరీదు ఏపాటి కనుక, ఆ రెండు మూడు శాతం చవగ్గా దొరికినట్టే అనిపిస్తుంది.

అదే మార్పుతో విల్లు మోత ఎంత మారుతుంది, వింటికొనల మీద దెబ్బ ఎంత పెరుగుతుంది, బాణం ఎటు జరుగుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. ఒకే విల్లుతో చాలా ఏళ్లు సాగాలనుకునేవాళ్లు ముందు అడగాల్సినవి ఇవే. పెరిగిన వేగం కంటికి కనిపించదు. మోత మాత్రం ప్రతి బాణంతోనూ వినిపిస్తుంది. దాన్ని శ్రద్ధగా వినడం నేర్చుకుంటే ఏ నారి కొనాలి, అసలు కొత్తది కొనాలా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

బాణానికి చేరని శక్తి

40 పౌండ్ల రికర్వ్ (కొనలు వంపు తిరిగిన) విల్లును 28 అంగుళాల దాకా లాగితే అందులో సుమారు 50 జౌళ్ల శక్తి నిల్వ అవుతుంది. వదిలాక 26 గ్రాముల బాణం సెకనుకు 55 మీటర్ల వేగంతో వెళ్లిందనుకుందాం. అది పట్టుకెళ్లింది 39 జౌళ్లు. మిగతా 11 జౌళ్లు లింబ్‌లను (పిడికి పైనా కిందా వంగే భాగాలను) ముందుకు విసరడానికి, నారిని కదిలించడానికి, విల్లు పట్టిన చేతిని అదరగొట్టడానికి ఖర్చయ్యాయి. చెవికి వినిపించే మోతలో ఉండే శక్తి నిజానికి చాలా కొద్ది. అయినా ఆ 11 జౌళ్లు ఎంత కుదుపుతో ఖర్చవుతున్నాయో మనకు తెలియజెప్పేది ఆ మోతే.

ఇందులో నారి వాటా ఎంత? భౌతికశాస్త్రవేత్తలు క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్ విలువిద్యను ప్రయోగశాలకు తీసుకెళ్లినవాళ్లు. ఇంజనీరు నాగ్లర్‌తో కలిసి వాళ్లు రాసిన వ్యాసాలు 1947లో ‘ఆర్చరీ: ది టెక్నికల్ సైడ్’ అనే పుస్తకంగా వచ్చాయి. విల్లులో కదిలే భాగాల వల్ల బాణం తనతోపాటు ఎంత అదనపు బరువు మోస్తున్నట్టు అవుతుందో క్లాప్‌స్టెగ్ లెక్కగట్టాడు. నారి మధ్యభాగం బాణమంత వేగంగా కదులుతుంది, కొనల దగ్గర దాదాపు కదలదు. అందువల్ల నారి మొత్తం బరువులో మూడోవంతు మాత్రమే బాణం మీద పడ్డట్టు లెక్క.

ఈ మూడోవంతు సూత్రం చేతిలో ఉంటే ప్రకటనల్లోని గొప్పలను మీరే తూచి చూసుకోవచ్చు. డాక్రాన్ నారి నుంచి సన్నని డైనీమా నారికి మారితే మూడు గ్రాములు తగ్గాయనుకోండి. అందులో మూడోవంతు ఒక గ్రాము. బాణం 26 గ్రాములు, విల్లు తరఫున మరో 8 గ్రాములు, మొత్తం 34 అనుకుంటే అందులో ఒక్క గ్రాము తగ్గింది. వేగం ఒకటిన్నర శాతం పెరుగుతుంది, అంటే సెకనుకు 80 సెంటీమీటర్లు. బరువు తగ్గడం వల్ల వచ్చే లాభం అంతవరకే.

మిగతాది సాగుదల వల్ల వస్తుంది. డాక్రాన్ అంటే పాలియెస్టర్. తెగే లోపు పది శాతానికి పైగా సాగుతుంది. డైనీమా మూడు నాలుగు శాతం సాగేలోపే తెగుతుంది. సాగే తాడుతో చేద తోడితే మన లాగుడులో కొంత తాడుకే పోయినట్టు, బాణం నారిని వదిలే చివరి క్షణంలో డాక్రాన్ కొంత శక్తిని తనలోకి తీసుకుంటుంది. వేగం కొంత తగ్గుతుంది. అదే కారణంగా చేతికి తగిలే అదురు మెత్తబడుతుంది, కొనల మీద దెబ్బ తగ్గుతుంది, మోత మొద్దుబారుతుంది. కాబట్టి మోత తక్కువగా ఉందంటే శక్తంతా బాణానికే చేరిందని అర్థం కాదు. డాక్రాన్ విషయంలో కొంత నారిలోనే వేడిగా మారిపోయి ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మోతను సరిగ్గా చదవగలుగుతారు: రెండు వేర్వేరు పదార్థాల మోతను పక్కపక్కన పెట్టి ఏది మంచిదో తీర్పు చెప్పలేం. ఒకే నారితో, ఒకే విల్లుమీద, ఒక్కొక్క సర్దుబాటు చేస్తూ మోత తగ్గుతోందా పెరుగుతోందా అని వింటే మాత్రం ప్రతి మార్పుకూ అర్థం ఉంటుంది.

పోగుల చరిత్ర, క్లుప్తంగా

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధాగారం గురించిన అధ్యాయం నారికి పనికొచ్చే వస్తువులు ఆరు చెబుతుంది: మూర్వ, జిల్లేడు, జనుము, గవేధు అనే గడ్డి, వెదురు, స్నాయువు. మూర్వ అంటే మన చాగనార. జిల్లేడు మన ఊళ్లలో దారి పక్కనే పెరుగుతుంది. జనుము రైతులు పచ్చిరొట్ట కోసం చల్లేదే. వెదురు బద్దనే నారిగా కట్టే అలవాటు భిల్లుల విళ్లలో నిన్నమొన్నటి దాకా ఉంది. టర్కీ, చైనా విలుకారులు పట్టును, ఐరోపావాళ్లు అవిసె నారను, జపాన్‌వాళ్లు గంజాయి జాతి మొక్క నారను నమ్ముకున్నారు. దేని బలహీనత దానిదే. తడిస్తే అవిసె, జనుము వంటి నారలు ఇంకా గట్టిపడతాయి. పట్టు కొంత బలం కోల్పోతుంది. స్నాయువు నారి వానలో సాగిపోయి పనికిరాకుండా పోతుంది.

1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ పాలియెస్టర్ దారం కనిపెట్టారు. డూపాంట్ సంస్థ దాన్ని డాక్రాన్ పేరుతో అమ్మకానికి తెచ్చాక విలుకారులకు తడికి భయపడని, తూకంలో తేడా రాని నారి మొదటిసారి దొరికింది. నేటికీ బి-50, బి-55 పేర్లతో దొరికేది అదే జాతి. ఆ తర్వాత వచ్చిన కెవ్లార్ కథ ప్రతి అభ్యాసీ తెలుసుకోదగ్గది. 1965లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన ఈ పోగు దాదాపు సాగదు కాబట్టి 1970లలో పోటీ విలుకారులు వేగం కోసం దాని వెంటపడ్డారు. కానీ పదేపదే ఒకేచోట వంగితే అది ముందుగా ఏ హెచ్చరికా లేకుండా తెగుతుంది. నారి తెగడమంటే బాణం లేకుండా విల్లు వదిలినంత పని. ఎన్నో మంచి విళ్లు అలా పాడయ్యాయి. 1970ల చివర నెదర్లాండ్స్‌లో స్మిత్, లెమ్‌స్ట్రా పాలిఎథిలీన్‌ను జెల్‌గా చేసి దారం తీసే పద్ధతి కనిపెట్టడంతో డైనీమా పుట్టింది. అమెరికాలో అదే జాతి పోగును స్పెక్ట్రా అన్నారు. 1980లలో ‘ఫాస్ట్ ఫ్లైట్’ పేరుతో నారిగా వచ్చింది ఇదే. బరువుకు తగ్గ బలంలో ఉక్కుకన్నా ఎన్నో రెట్లు మిన్న, వంగుళ్లను తట్టుకుంటుంది, నీటిని పీల్చదు. బరువు మోస్తూ వేడిలో ఉండిపోతే మెల్లమెల్లగా పొడవు పెరగడం దాని లోపం. ఆ లోపం లేని వెక్ట్రాన్ పోగును దానికి కలిపి కాంపౌండ్ విళ్లకు నారులు చేస్తారు, ఎందుకంటే ఆ విల్లు నారి రాత్రింబవళ్లు బిగువులోనే ఉంటుంది. వాడాక నారి దించేసే సంప్రదాయ విల్లుకు ఆ మిశ్రమంతో పనిలేదు.

మోతలో ఏమేం ఉన్నాయి

బాణం వదిలినప్పుడు వినిపించేది ఒక్క శబ్దంలా ఉంటుంది గాని, అందులో మూడు కలిసి ఉంటాయి. మొదటిది బాణం వెళ్లిపోయాక నారి అటూ ఇటూ కంపిస్తూ చేసే గుంయ్‌మనే మోత. రెండోది రికర్వ్ విల్లులో వంపు తిరిగిన కొనల దగ్గర నారి లింబ్ మీద చరిచే ‘టప్’ శబ్దం. లాంగ్‌బోలో నారి లింబ్‌ను తాకదు కాబట్టి ఇది ఉండదు, లాంగ్‌బో నిశ్శబ్దంగా ఉండడానికి పెద్ద కారణం అదే. మూడోది విల్లులోనే వదులైన వస్తువుల గలగల: సరిగ్గా బిగించని మర, ఊడొచ్చిన అంటుపట్టీ, పగులు. ఈ మూడో రకం వినిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా విల్లును ఆపాదమస్తకం పరీక్షించాలి.

నారి పదార్థం ప్రభావం ప్రధానంగా మొదటిదాని మీద. ఒకే బిగువులో ఉన్న నారి బరువు సగానికి తగ్గిస్తే దాని శ్రుతి అర్ధ స్థాయి పైకి పోతుంది. మనిషి చెవి 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య శబ్దాలను అన్నిటికన్నా తేలిగ్గా పట్టుకుంటుంది. అందుకే ఆరు పోగులతో చేసిన సన్నని డైనీమా నారి కీచుమన్నట్టు, పద్నాలుగు పోగుల డాక్రాన్ నారి బొంగురుగా మూలిగినట్టు వినిపిస్తాయి. పోగుల సంఖ్య పెంచితే డైనీమా నారి కూడా మెత్తగా మాట్లాడుతుంది, దానికి బదులుగా వేగంలో కొద్దిగా వదులుకోవాలి. ఈ బేరం నాకు ఎప్పుడూ లాభసాటిగానే కనిపిస్తుంది.

మోత అన్నిచోట్లా తప్పేమీ కాదు. జపాన్ విలువిద్య క్యూడోలో నారి ధ్వనికి త్సురునే అని ప్రత్యేకంగా పేరుంది. ఆ ధ్వని ఎంత స్వచ్ఛంగా ఉందో బట్టి వదిలిన తీరును అంచనా వేస్తారు. మన పురాణాల్లో ధనుష్టంకారం వీరుడి రాకకు గుర్తు. అయితే అది ఎక్కుపెట్టిన నారిని వేలితో మీటినప్పటి ధ్వని, బాణం వదిలినప్పటిది కాదు. మీరూ రోజూ సాధన మొదలుపెట్టే ముందు నారిని వేలితో తేలిగ్గా మీటి వినండి. నిన్నటి శ్రుతి, ఇవాళ్టి శ్రుతి ఒకటేనా? తగ్గితే నారి సాగింది, లేదా పురి వదిలింది. లాగి మాత్రం వదలకండి. బాణం లేకుండా లాగి వదిలితే ఆ 50 జౌళ్లూ విల్లే భరించాలి.

వేగమా, నిశ్శబ్దమా

అమెరికాలో విల్లుతో జింకను వేటాడేవాళ్లకు ఈ ప్రశ్న చాలా పాతది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల వేట నేరం, కాబట్టి మనకు ఆ అవసరం లేదు. కానీ వాళ్ల లెక్క ఒకటి చూడదగ్గది. 20 మీటర్ల దూరానికి శబ్దం 0.06 సెకన్లలో చేరుతుంది. 55 మీటర్ల వేగంతో పోయే బాణం 0.36 సెకన్లకు చేరుతుంది. అంటే నారి మోత విన్నాక జింకకు 0.30 సెకన్ల వ్యవధి ఉంటుంది, బెదిరి ఒంగడానికి ఆ కాస్త చాలు. నారి మార్చి వేగం 56.5 మీటర్లకు పెంచితే ఆ వ్యవధిలో తగ్గేది 0.01 సెకను. ఆ వందో వంతు సెకను కోసం కీచుమనే నారి ఎక్కించడం ఎంత నష్టమో అక్కడి అనుభవజ్ఞులకు తెలుసు. అందుకే వాళ్లు బరువైన బాణాన్ని, మోత లేని విల్లును కోరుకుంటారు.

లక్ష్యఫలకం మీద సాధన చేసే మనకు లెక్క వేరు. అదే వేగం తేడాకు 20 మీటర్ల దగ్గర బాణం మూడున్నర సెంటీమీటర్లు తక్కువ జారుతుంది. 50 మీటర్ల దగ్గర ఆ తేడా 21 సెంటీమీటర్లు. పెద్దదే. కానీ అది ప్రతి బాణానికీ ఒకేలా వచ్చే తేడా. గురి కొంచెం దించితే సరిపోతుంది. గుంపు చెదిరేది మాత్రం ఒక బాణానికీ మరో బాణానికీ వేగం మారినప్పుడే. లాగడంలో అర అంగుళం అటూ ఇటూ అయితే చాలు, సంప్రదాయ విల్లులో దాదాపు సెకనుకు మీటరు వేగం మారిపోతుంది. అంటే కొత్త నారి తెచ్చే లాభమంతా లాగే చేయి నిలకడగా లేకపోతే ఒక్క బాణంలో కరిగిపోతుంది. నారి కొనే డబ్బు చేతిలో ఉంచుకుని, ప్రతిసారీ ఒకే చోట దవడకు ఆనేలా లాగడం మీద ఇంకో నెల పెట్టండి అని చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉంటారు.

వినండి, కొలవండి

ఇప్పుడు పనిలోకి దిగుదాం. దీనికి ప్రత్యేక పరికరాలు అక్కర్లేదు, ఫోను, నగల దుకాణాల్లో వాడేలాంటి చిన్న డిజిటల్ తూకం ఉంటే చాలు.

ముందు బాణాన్ని తూచండి. విల్లు పరిశ్రమ చాలాకాలం పరీక్షలకు వాడిన ప్రమాణం పౌండుకు 9 గ్రెయిన్లు. సంప్రదాయ విల్లుకు పౌండుకు 10 అయితే ఇంకా హాయిగా ఉంటుంది, అంటే 40 పౌండ్ల విల్లుకు 400 గ్రెయిన్లు, మన లెక్కలో 26 గ్రాములు. మీ బాణం ఇంతకన్నా బాగా తేలికగా ఉంటే మోతకు అదే కారణం కావచ్చు, ఏ నారీ దాన్ని నయం చేయదు. బాణం బరువు 30 గ్రాములకు పెంచి చూడండి. వేగం 55 నుంచి సుమారు 52కు తగ్గుతుంది. కానీ బాణం మోసుకెళ్లే శక్తి ఒక జౌలు పెరుగుతుంది, విల్లులో మిగిలే శక్తి అంత తగ్గుతుంది. మోత తగ్గించే మార్గాల్లో ఇంతకన్నా నమ్మకమైనది నాకు తెలియదు.

తర్వాత బ్రేస్ హైట్, అంటే ఎక్కుపెట్టిన విల్లు పిడికి, నారికి మధ్య దూరం. తయారీదారు చెప్పిన హద్దుల్లో కింది అంచు నుంచి మొదలుపెట్టండి. నారి దించి మూడు నాలుగు చుట్లు పురి ఎక్కించి, మళ్లీ కట్టి, కొలిచి రాసుకుని, అరడజను బాణాలు వేయండి. పురి ఎక్కినకొద్దీ నారి పొట్టిదై ఎడం పెరుగుతుంది. ఒకచోట మోత హఠాత్తుగా తగ్గి, చేతిలో అదురు మెత్తబడుతుంది. ఇంకా పురి ఎక్కిస్తే మళ్లీ పెరుగుతుంది. ఆ తగ్గిన చోటే మీ విల్లుకు, మీ బాణానికి, మీ చేతికి కుదిరిన ఎత్తు. ఈ పనిలో తొందరపడితే ఏ మార్పు ఏ ఫలితమిచ్చిందో కలగాపులగమైపోతుంది. ఒక పూటంతా దీనికే కేటాయించండి, ఆ పూట బాణాల్లోగాని, నారిలోగాని వేరే ఏ మార్పూ చేయకండి.

మోతను విల్లు దగ్గర ఒక్కచోటే వింటే సరిపోదు. మీ చెవి నారికి జానెడు దూరంలో ఉంది, లక్ష్యం దగ్గర వినిపించేది వేరు. రెండో ఫోనును లక్ష్యం వైపున, బాణం చేరని చోట, గట్టి అడ్డు వెనక పెట్టి రికార్డు చేయండి. మనిషిని మాత్రం అక్కడ ఎప్పుడూ నిలబెట్టకండి.

వేగం కొలవడానికీ ఫోనే చాలు. ఫోను మీ పక్కన ఉంచి, సరిగ్గా 20 మీటర్ల నుంచి బాణం వేసి, శబ్దం రికార్డు చేయండి. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే నారి మోత ఒక శిఖరంగా, బాణం తగిలిన శబ్దం ఇంకో శిఖరంగా కనిపిస్తాయి. రెంటి మధ్య కాలం 0.422 సెకన్లు అనుకుందాం. బాణం తగిలిన శబ్దం వెనక్కి రావడానికి పట్టిన 0.058 తీసేస్తే 0.364 మిగులుతుంది. 20ని దానితో భాగిస్తే దాదాపు 55. ఇది దారి పొడుగునా సగటు వేగం. పది బాణాల వేగాలు కొలిచి, వాటిలో పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడా చూడండి. ఆ తేడా సెకనుకు మీటరు దాటుతుంటే నారి గురించి ఇప్పుడే ఆలోచించకండి.

మీ విల్లు ఏ నారిని మోయగలదు

ఇదంతా అయ్యాక కూడా నారి మార్చాలనిపిస్తే, ఎంపిక మీ ఇష్టాన్ని బట్టి కాక విల్లు కొనలను బట్టి జరగాలి. డైనీమా సాగదు కాబట్టి నారి ఆగే క్షణంలో దెబ్బంతా కొనల గాడి మీద పడుతుంది. పైగా అది సన్నం, గట్టి, మెత్తటి కర్రలోకి కత్తిలా దిగుతుంది. పాత విళ్లకు, కొనల మీద గట్టి పొరలేమీ అంటించని కర్ర విళ్లకు, ఇండియన్ రౌండ్ పోటీల్లో వాడే వెదురు విళ్లకు డాక్రానే సరైనది. కొనల మీద ఫినాలిక్, కొమ్ము, ఫైబర్‌గ్లాస్ వంటి గట్టి పొర ఉండి, డైనీమా వాడొచ్చని తయారీదారు రాసిచ్చిన విల్లుకే డైనీమా. అప్పుడు కూడా కొనలకు తగిలే ఉచ్చుల్లో అదనపు పోగులు కలిపి లావుగా చేసిన నారి తీసుకోండి. కొనల దగ్గర నారి దాదాపు కదలదు కాబట్టి అక్కడి లావు వేగాన్ని తగ్గించదు.

డాక్రాన్ అయితే పోగుల సంఖ్య లాగే బరువును బట్టి: 25 నుంచి 35 పౌండ్లకు 10, 35 నుంచి 45కు 12, 45 నుంచి 55కు 14, అంతకు మించితే 16. ఒక్కో పోగు 50 పౌండ్ల దాకా మోస్తుంది, మరి 40 పౌండ్ల విల్లుకు 12 ఎందుకని అడగొచ్చు. బాణం వదిలే క్షణంలో నారి మీద పడే బిగువు లాగిన బరువుకు ఎన్నో రెట్లు. పైగా రోజూ జరిగే అరుగుదలకు మిగులు ఉండాలి.

పేనిన నారి, పోగులను చుట్టలా చుట్టి చేసిన నారి అని రెండు రకాలున్నాయి. పేనినది పురి ఎక్కించి సర్దుకోవడానికి అనువు, మోత కొంచెం తక్కువ, కొత్తలో కాస్త ఎక్కువ సాగుతుంది. చుట్టినదానికి రవ్వంత వేగం ఎక్కువ. సంప్రదాయ విల్లుకు నేను పేనినదాన్నే సిఫారసు చేస్తాను.

డైనీమాకు మారితే ఆ రోజే మూడు చూసుకోవాలి. నారి సన్నం కాబట్టి బాణం నాక్ (నారికి తగిలించే గాడి) వదులవుతుంది. వదులైన నాక్ లాగుతుండగా జారితే బాణం లేకుండా వదిలినంత ప్రమాదం. నారికి తగిలించిన బాణం వేలాడాలి, నారిని వేలితో తట్టితే రాలాలి. అలా లేకపోతే మధ్యభాగపు సర్వింగ్ దారం లావుగా మళ్లీ చుట్టాలి. రెండోది, బాణం మీద బలం పెరిగినందున అది అంతకుముందుకన్నా మెత్తగా వంగినట్టు ప్రవర్తిస్తుంది. కుడిచేతివాటం వాళ్లకు బాణాలు కుడివైపుకు జరుగుతాయి. వదిలే తీరులో తప్పుందని కంగారుపడకుండా కాసేపు ఆ మార్పునే గమనించండి. మూడోది, కొత్త నారి స్థిరపడేదాకా ప్రతి సాధనకూ ముందు బ్రేస్ హైట్ కొలవండి.

చివర్లో వచ్చేవి సైలెన్సర్లు. అమెరికాలో బీవర్ బొచ్చు కడతారు, మనకు ఉన్ని దారపు కుచ్చులు చక్కగా పనిచేస్తాయి. ఎక్కడ కడుతున్నారన్నది ముఖ్యం. నారి పొడవులో నాలుగోవంతు దగ్గర కట్టిన కుచ్చు మధ్యభాగపు వేగంలో సగం వేగంతోనే కదులుతుంది, అందుకని ఒక గ్రాము కుచ్చు అక్కడ పావు గ్రాము భారమే వేస్తుంది. అదే కుచ్చును మధ్యకు జరిపితే మొత్తం గ్రామూ బాణం మీదే. పైకొన నుంచి నాలుగోవంతు దగ్గర ఒకటి, కిందికొన నుంచి మూడోవంతు దగ్గర ఒకటి కట్టండి. రెండూ సమాన దూరంలో ఉంటే కొన్ని కంపనాలకు రెండూ కదలని చోటే పడి, ఆ మోతను ఆపలేవు. వానలో ఉన్ని తడిసి బరువెక్కుతుంది, ఆ రోజు తీసేయండి. రికర్వ్ అయితే నారి లింబ్‌ను తాకే చోట పలచని ఫెల్ట్ గుడ్డ అంటిస్తే ‘టప్’ శబ్దం అక్కడితో ఆగుతుంది.

ఇక రక్షణ. డాక్రాన్‌కు, మొక్కల నారతో చేసిన నారులకు తేనెమైనం, డైనీమాకు దానికోసం అమ్మే సింథటిక్ మైనం. వేళ్లతో రుద్దినప్పుడు పుట్టే వెచ్చదనం చాలు, మంట దగ్గర పెట్టకండి. డైనీమా 150 డిగ్రీల లోపే కరుగుతుంది, అంతకు చాలా ముందే దాని బలం తగ్గుతుంది. మే నెల ఎండలో మూసిన కారులో ఎక్కుపెట్టిన విల్లును వదిలేయకండి, నారి సాగడమే కాదు, లింబ్‌ల అతుకుల జిగురు కూడా వదలొచ్చు. ఒక్క పోగు తెగినా, సర్వింగ్ కింద పోగులు నలిగి నూగు లేచినా ఆ నారిని కత్తిరించి పారేయండి, ఇంకెవరూ పొరపాటున ఎక్కించకుండా.

మొదటి నారి బాగున్నప్పుడే అదే పొడవు, అన్ని పోగులే ఉన్న రెండో నారిని పేని, ఎక్కించి, సాధనలో కొన్నాళ్లు వాడి స్థిరపడనివ్వండి. దాని నాక్ చోటు గుర్తుపెట్టి, కుదిరిన బ్రేస్ హైట్ చీటీ మీద రాసి దానికే కట్టి సంచిలో వేసుకోండి. పోటీ మధ్యలో మొదటి నారి పోగు తెగితే, దాన్ని దించి రెండోది ఎక్కించి, చీటీలోని కొలతకు పురి సరిచూసుకుని, మీటి విని, తర్వాతి బాణం అందుకోవచ్చు.